రంగులు మారే కుట్టు దారం: ఇంట్లో అద్దుకోవడం, రంగు దిగకుండా నిలుపుకోవడం

ఒకే దారంలో రంగు మెల్లగా మారుతూ పోయే కుట్టు దారాన్ని దుకాణాల్లో షేడెడ్ దారం అంటారు, కొన్నిచోట్ల మల్టీకలర్ అంటారు. లేత గులాబీ ముదిరి ఊదా అవుతుంది, పసుపు ఆకుపచ్చలోకి జారుతుంది. ఆకు, పువ్వు, నెమలి ఈక కుట్టేటప్పుడు మాటిమాటికీ సూదిలో దారం మార్చకుండానే ఛాయలు వస్తాయి. కంపెనీలు చేసే ఛాయలు మాత్రం లెక్కపెట్టినన్నే ఉంటాయి. చీర అంచుకు సరిపోయేది కావాలంటే ఒక్కటీ కలవదు. అందుకే చాలామంది తెల్ల దారం కొని ఇంట్లోనే అద్దుకుంటున్నారు.

రంగు వేయడం ఒక మధ్యాహ్నం పని. వేసిన రంగును నిలపడమే అసలు పని. పెళ్లి జాకెట్టు మీదో, గుడికి ఇచ్చే తెర మీదో మూడు నెలలు కుట్టిన పువ్వు మొదటి తడికే చుట్టూ ఎర్రగా దిగితే దాన్ని బాగుచేసే దారి ఉండదు. దారం విప్పగలం, మరక విప్పలేం. అందుకే ఈ వ్యాసంలో రంగు వేయడానికి ఎంత చోటు ఇచ్చామో కడగడానికి, పరీక్షకు కూడా అంత చోటు ఇచ్చాం. ఇక్కడ చెప్పినదంతా నూలు దారానికి సంబంధించినది. పట్టు దారం సంగతి చివర్లో క్లుప్తంగా ఉంది.

మన ఇళ్ళకు కొత్త పని కాదు

నేయడానికి ముందే నూలు మీద రంగు మార్పులు పెట్టడం తెలుగు నేతగాళ్ళకు తరతరాలుగా తెలిసిన విద్య. పోచంపల్లి, పుట్టపాక మగ్గాల మీద చిటికి పని అంటే అదే. పోగుల కట్టను అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు. చీరాల తేలియా రుమాలు నూలును ముందుగా నూనె, బూడిద నీళ్ళలో నానబెట్టి సిద్ధం చేసేవారు. ఒడిశాలో ఇదే తరహా పనిని బంధ అంటారు. సోలాపూర్, భివండీల్లోని పద్మశాలి ఇళ్ళలో, బరంపురం దేవాంగుల ఇళ్ళలో పెద్దవాళ్ళకు చిలప, కండె, పడుగు, పేక అన్న మాటలు ఇంకా నోట్లో ఉన్నాయి. నేత ఆగిపోయిన ఇంట్లో కూడా ఈ మాటలు తెలిసిన పెద్దవాళ్ళు ఉంటే ఈ పనికి వాళ్ళే మొదటి గురువులు.

షేడెడ్ కుట్టు దారం చేయడం చిటికి పనికి చిన్న చెల్లెలు లాంటిది. చిటికిలో రంగు ఎక్కడ ఆగాలో వెంట్రుకవాసి లెక్క ఉంటుంది. కుట్టు దారానికి అంత లెక్క అక్కర్లేదు, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతేనే అందం.

ఏ దారం తీసుకోవాలి

ఆరు పోగుల నూలు ఎంబ్రాయిడరీ దారం అన్నిటికంటే సులువు. సాధారణంగా ఒక లచ్చి 8 మీటర్లు ఉంటుంది, బరువు సుమారు 2 గ్రాములు. మెర్సరైజ్డ్ అని రాసి ఉంటే మంచిది. 1844లో ఇంగ్లండ్‌లో జాన్ మెర్సర్ కనిపెట్టిన పద్ధతి అది. నూలును కాస్టిక్ సోడాలో శుద్ధి చేస్తే బలం పెరుగుతుంది, రంగు లోతుగా పడుతుంది. బిగించి ఉంచి శుద్ధి చేస్తే మెరుపు వస్తుందన్నది తర్వాత తెలిసింది. పెర్ల్ దారం, క్రోషా లేసు దారం కూడా నూలువైతే ఇదే పద్ధతిలో అద్దవచ్చు. యానాం, గోదావరి వైపు లేసు అల్లే ఇళ్ళకు ఇది పనికొస్తుంది.

మెరిసే దారమంతా నూలు కాదు. కొనేముందు చిన్న ముక్క కాల్చి చూడాలి. నూలు కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పాలియెస్టర్ మీద ఇక్కడ చెప్పిన ఏ రంగూ నిలవదు. రేయాన్ బుగ్గవదు, కాగితంలాగే కాలుతుంది. దాని మీద రియాక్టివ్ రంగు బాగా పడుతుంది కాని తడిసినప్పుడు దారం బలహీనంగా ఉంటుంది, మెల్లగా పిండాలి.

చిలప చుట్టడం

లచ్చిని ఉన్నదున్నట్టు రంగులో వేస్తే లోపలి పోగులు తెల్లగా మిగులుతాయి. దాన్ని విప్పి పెద్ద వలయంగా, అంటే చిలపగా చుట్టుకోవాలి. కుర్చీ వీపు చుట్టూ చుడితే ఒక చుట్టు సుమారు 1 మీటరు వస్తుంది. చుట్టేటప్పుడు దారాన్ని లాగకూడదు. మూడు నాలుగు చోట్ల తెల్ల నూలు దారంతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. బిగిస్తే కట్టు కింద తెల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చే కావాలనుకుంటే బిగించి కట్టవచ్చు, అదే చిటికి.

చిలప చుట్టుకొలతే రంగుల వరుస పొడవు అవుతుంది. మీటరు చుట్టులో నాలుగు రంగులు సమంగా వేస్తే ఒక్కో రంగు 25 సెంటీమీటర్లు వస్తుంది. అంగుళానికి 14 గళ్ళున్న గుడ్డ మీద ఒక క్రాస్ కుట్టుకు, వెనకవైపు దారంతో కలిపి, సుమారు 9 మిల్లీమీటర్ల దారం పడుతుంది. అంటే 25 సెంటీమీటర్ల రంగు 27 కుట్ల దాకా వస్తుంది. చిన్న పువ్వుకు అది ఎక్కువ. ఒకే పువ్వులో రెండు మూడు ఛాయలు కావాలంటే ఒక్కో రంగు 8 నుంచి 10 సెంటీమీటర్లకు మించకూడదు. పెద్ద ఆకులకు, తీగలకు పొడుగు వరుసలు బాగుంటాయి. ముందు కుట్టబోయే బొమ్మ చూసుకుని తర్వాత చిలప చుట్టాలి.

దారాన్ని సిద్ధం చేయడం

కొత్త దారం మీద మైనం, నూనె, కొన్నిటి మీద గంజి ఉంటాయి. అవి ఉన్న చోట రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. లీటరు వేడి నీళ్ళలో చిటికెడు వాషింగ్ సోడా, రెండు చుక్కల సువాసన లేని లిక్విడ్ సబ్బు వేసి, 20 నిమిషాలు సన్నని మంట మీద ఉంచి, చల్లారాక రెండుసార్లు జాడించాలి. తడి చిలపను రంగు వేసేదాకా తడిగానే ఉంచవచ్చు. గిన్నె స్టీలుదై ఉండాలి. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది.

మొదటి పద్ధతి: రియాక్టివ్ రంగులు

నూలుకు పక్కా రంగు కావాలంటే ఇదే అందరికీ అందుబాటులో ఉన్న దారి. ఈ రంగులు 1956లో మొదట మార్కెట్టులోకి వచ్చాయి. మిగతా రంగులు దారం మీద అంటుకుని ఉంటాయి. ఇవి నూలుతో రసాయన బంధం వేసుకుని దారంలో భాగమైపోతాయి. మన దగ్గర రంగుల దుకాణాల్లో కోల్డ్ బ్రాండ్ లేదా ఎం బ్రాండ్ రియాక్టివ్ అని అడగాలి. హాట్ బ్రాండ్ ఇస్తే వద్దనాలి, దానికి ఎక్కువ వేడి కావాలి.

కావలసినవి 20 గ్రాముల దారానికి, అంటే సుమారు 10 లచ్చీలకు:

- సోడా యాష్ 50 గ్రాములు, నీళ్ళు 1 లీటరు
- ఒక్కో రంగుకు 50 మిల్లీలీటర్ల నీళ్ళు
- లేత రంగుకు పావు గ్రాము పొడి, మధ్యస్థానికి 1 గ్రాము, ముదురుకు 2 గ్రాములు
- ప్లాస్టిక్ షీటు, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు

సోడా విషయంలో జాగ్రత్త. పలుకులుగా, గాజులా మెరుస్తూ ఉండే వాషింగ్ సోడాలో నీటి అంశం ఎక్కువ. అది దొరికితే 50 గ్రాములకు బదులు సుమారు 135 గ్రాములు వేయాలి. వంటసోడా ఇక్కడ పనిచేయదు, దాని క్షారం చాలదు.

ముందు సోడాను నీళ్ళలో పూర్తిగా కరిగించి చిలపలను 15 నిమిషాలు నానబెట్టాలి. తీసి గట్టిగా పిండాలి, జాడించకూడదు. నీళ్ళు కారుతుంటే రంగులు ఒకదాంట్లోకి ఒకటి పరుగెత్తుతాయి. రంగు పొడిని మొదట నాలుగు చుక్కల నీళ్ళతో ముద్దలా కలిపి, తర్వాత మిగతా నీళ్ళు పోయాలి. రంగు నీళ్ళలో సోడా ముందే కలపకూడదు. కలిపిన క్షణం నుంచి రంగు నీళ్ళతోనే బంధం వేసుకోవడం మొదలుపెడుతుంది, దారానికి మిగలదు. సోడా కలపని రంగు నీళ్ళు చల్లని చోట నాలుగైదు రోజులు ఉంటాయి.

రంగు కలిపేందుకు వాన నీళ్ళు కాని ఫిల్టరు నీళ్ళు కాని మేలు. బోరు నీళ్ళలోని సున్నం వల్ల రంగు పొడి సరిగా కరగక చుక్కలు పడుతుంది.

రంగు పరిచే మూడు తీరులు

ముంచడం: చిలప ఒక కొనను ఒక గిన్నెలో, రెండో కొనను మరో గిన్నెలో ముంచి, మధ్యభాగాన్ని తెల్లగా వదలాలి. తడి వల్ల రెండు రంగులు మధ్యకు పాకి కలుస్తాయి. మొదటిసారి చేసేవాళ్ళకు ఇదే మంచిది.

అద్దడం: చిలపను ప్లాస్టిక్ షీటు మీద పరిచి, బ్రష్షుతో కాని సూది లేని సిరంజితో కాని కావలసిన చోట రంగు పోసి వేలితో నొక్కాలి. తిప్పి వెనకవైపు కూడా చూడాలి. తెల్లగా కనిపిస్తే మళ్ళీ నొక్కాలి. చిన్న చిన్న వరుసలు కావాలంటే ఈ తీరు.

నలిపి పెట్టడం: పళ్ళెంలో చిలపను గుండ్రంగా నలిపి పెట్టి, అక్కడక్కడ రెండు మూడు రంగులు చుక్కలుగా వేయాలి. వరుస ఏదీ ఉండదు, మబ్బులా వస్తుంది. గడ్డి, నీళ్ళు, మట్టి కుట్టడానికి బాగుంటుంది.

రంగుల ఎంపికలో ఒక్క నియమం చాలు: పక్కపక్కన కలిసే రంగులు చుట్టాల్లాంటివై ఉండాలి. పసుపు, నారింజ, ఎరుపు కలిస్తే మధ్యలో వచ్చేవీ అందమైన రంగులే. ఎరుపు, ఆకుపచ్చ కలిసిన చోట మట్టి రంగు వస్తుంది. అవి రెండూ కావాలంటే మధ్యలో తెల్ల ఖాళీ వదలాలి.

రంగు వేశాక ప్లాస్టిక్‌లో చుట్టి, ఆరిపోకుండా 12 నుంచి 24 గంటలు ఉంచాలి. తడి ఆరితే బంధం ఆగిపోతుంది. సోలాపూర్, బళ్ళారి ఎండాకాలంలో ఒక రాత్రి చాలు. బెంగళూరు, హోసూరు చలికాలపు రాత్రుల్లో మాత్రం పూర్తి రోజు ఉంచాలి, వంటింట్లో వెచ్చగా ఉండే మూలకు దూరంగా, పిల్లలకు అందని వెచ్చని చోట.

రెండో పద్ధతి: కరక్కాయ, పటిక, మంజిష్ఠ

రసాయన పొడులు ఇంట్లోకి వద్దనుకునేవాళ్ళకు ఇది దారి. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, గేదె పాలతో సిద్ధం చేస్తారు. కరక్కాయలోని వగరు నూలును పట్టుకుంటుంది, ఆ వగరును పటిక పట్టుకుంటుంది, పటికను రంగు పట్టుకుంటుంది. ఈ గొలుసులో ఏ లంకె తీసేసినా రంగు కారిపోతుంది. ఒకప్పుడు కోరమాండల్ తీరపు బట్టల ఎరుపు చిరివేరుతో వచ్చింది. ఇప్పుడు మూలికల దుకాణాల్లో సులువుగా దొరికేది మంజిష్ఠ.

ఈ పద్ధతి అందం ఏమిటంటే, ఒకే కుండలో ఉడికించినా దారం మీద మూడు నాలుగు రంగులు వస్తాయి. రంగు మార్పును మంజిష్ఠ తేదు, దానికి ముందు దారానికి ఏం పట్టించామన్నదే తెస్తుంది. 20 గ్రాముల దారానికి కొలతలు ఇవి:

1. కరక్కాయ పొడి 4 గ్రాములు అర లీటరు నీళ్ళలో కలిపి, దారం రాత్రంతా నానబెట్టాలి. జాడించకుండా పిండి నీడన ఆరేయాలి. దారం లేత గోధుమ రంగుకు వస్తుంది.

2. పటిక 4 గ్రాములు 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో కరిగించాలి. మరో గిన్నెలో అన్నభేది అర గ్రాము 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించాలి. చిలప ఒక కొన పటికలో అరగంట, రెండో కొన అన్నభేదిలో ఐదు నిమిషాలు ఉంచాలి. అన్నభేది తగలగానే దారం బూడిద రంగుకు తిరుగుతుంది. మధ్యలో కొంత ఏదీ తగలకుండా వదలాలి, కొంత రెండూ తగిలేలా చూడాలి. గరిటెలు వేరు వేరుగా ఉండాలి. పటిక గిన్నెలో అన్నభేది చుక్క పడితే ఎరుపు మసకబారుతుంది.

3. ఒక రోజంతా నీడన పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత చల్లని నీళ్ళలో ఒకసారి జాడించాలి.

4. ముందురోజు రాత్రి నానబెట్టిన మంజిష్ఠ పొడి 20 గ్రాములను గుడ్డలో వడకట్టి, లీటరు నీళ్ళలో కలిపి దారం వేయాలి. చల్లని నీళ్ళతో మొదలుపెట్టి మెల్లగా వేడి పెంచాలి. తెర్లనివ్వకుండా గంటసేపు ఉంచి, అందులోనే చల్లారనివ్వాలి.

పటిక తగిలిన చోట ఇటుక ఎరుపు, అన్నభేది తగిలిన చోట ఊదా కలిసిన గోధుమ, రెండూ తగిలిన చోట చాక్లెట్ రంగు, ఏదీ తగలని చోట లేత గులాబీ గోధుమ వస్తాయి. మంజిష్ఠకు నీళ్ళలో కొంచెం సున్నం ఉంటే ఎరుపు గాఢమవుతుంది. కాబట్టి ఇక్కడ బోరు నీళ్ళకు భయపడక్కర్లేదు. మంజిష్ఠ బదులు దానిమ్మ తొక్కలు ఉడికిస్తే పటిక చోట పసుపు, అన్నభేది చోట ముదురు ఆలివ్ ఆకుపచ్చ వస్తాయి.

అన్నభేది కొలత దాటకూడదు. ఇనుము నూలును కాలక్రమంలో తింటుంది. పాత కలంకారీ గుడ్డల్లో నల్ల గీతల వెంట బట్ట చిరిగి ఉండడానికి అదే కారణం.

నిలవని రంగులు

పసుపు కొమ్ముతో రంగు వెంటనే పడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కాని ఎండకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే పారాణిలా ఎర్రబడుతుంది. ఉతికే పనికి వాడకూడదు. బీట్‌రూట్, మందారం, కుంకుమ, మిఠాయి రంగులు, హోలీ రంగులు నూలు మీద నిలవవు. కిరాణా కొట్లలో దొరికే బట్టల రంగు పొట్లాలు చాలావరకు ఉప్పు వేసి మరిగించే రకం. చీర మొత్తానికి ఒకే రంగు వేసుకోవడానికి సరే, తెల్ల గుడ్డ మీది కుట్టుకు కాదు.

ఉప్పు నీళ్ళలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు గట్టిపడుతుందన్న మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. నూలుకు అది వర్తించదు. ఉప్పు రంగును నీళ్ళలోంచి దారం వైపు నెడుతుంది, కట్టిపడేయదు. వెనిగర్ పట్టు, ఉన్ని మీద వాడే యాసిడ్ రంగులకు పనికొస్తుంది.

కడగడం

రియాక్టివ్ రంగులో కొంత భాగం ఎప్పుడూ దారంతో కలవకుండా నీళ్ళతోనే కలిసిపోతుంది. అది దారం మీద ఊరికే కూర్చుని ఉంటుంది. మంచి రంగు వేసినా దిగిందంటే కారణం ఈ మిగులే. దాన్ని పూర్తిగా తీసేయాలి.

ముందు చల్లని నీళ్ళతో కడగాలి. ఇందులో సోడా పోతుంది. సోడా ఉండగా వేడి నీళ్ళు పోస్తే విడిపోయిన రంగు తెల్ల భాగాలకు అంటుతుంది. నీళ్ళు చేతికి జారుడు లేకుండా అయ్యేదాకా రెండు మూడుసార్లు మార్చాలి. తర్వాత పొగలు కక్కే వేడి నీళ్ళలో రెండు చుక్కల లిక్విడ్ సబ్బు వేసి 10 నిమిషాలు ఉంచాలి. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వేడి నీళ్ళు. తెల్ల గిన్నెలో నీళ్ళు నీళ్ళలాగే కనిపించేదాకా ఇలా సాగాలి. నాలుగుసార్లు మామూలే. నెమలి నీలం, అంటే టర్కాయిస్, కలిసిన రంగులకు ఏడెనిమిదిసార్లు పట్టవచ్చు. ఎరుపు, నలుపులను లేత రంగుల చిలపలతో కలిపి కడగకూడదు.

మంజిష్ఠ, దానిమ్మ దారాలను గోరువెచ్చని నీళ్ళలో తేలికపాటి సబ్బుతో కడగాలి. సోడా తగలనివ్వకూడదు. అన్నిటినీ నీడనే ఆరేయాలి. ఆరేటప్పుడు చిలపను రెండు చేతులతో ఒకసారి చటుక్కున లాగి వదిలితే పోగులు సరిగ్గా పరుచుకుంటాయి.

తెల్ల గుడ్డ పరీక్ష

ఈ పరీక్ష కాకుండా ఏ దారాన్నీ పెట్టెలో పెట్టకూడదు. చిలపలోంచి అన్ని రంగులూ ఉన్న ముక్క కత్తిరించి, తడిపి, రెండు తెల్ల నూలు గుడ్డల మధ్య పెట్టి, తడి ఆరేదాకా వేడి ఇస్త్రీ పెట్టాలి. గుడ్డ మీద మచ్చ పడితే మళ్ళీ వేడి నీళ్ళలో కడగాలి. రెండోసారీ పడితే ఇంకోసారి. మూడు నాలుగు విడతల తర్వాత కూడా మచ్చ పడుతూనే ఉంటే ఆ దారాన్ని ఉతకని పనులకు, పటం కట్టించే బొమ్మలకు వేరుగా పెట్టుకోవాలి. ఇంకో ముక్కను రెండు వారాలు సగం అట్టతో కప్పి ఎండలో పెడితే ఎంత వెలుస్తుందో కూడా తెలుస్తుంది. అమ్మకానికి చేసేవాళ్ళు ఈ రెండు పరీక్షలూ దాటని దారాన్ని అమ్మకూడదు. కొన్నవాళ్ళ మూడు నెలల కష్టం దాని మీద ఆధారపడి ఉంటుంది.

కుట్టేటప్పుడు

చిలపను 45 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, వరుస తప్పకుండా అట్టకు కట్టుకోవాలి. ఆరు పోగుల్లోంచి రెండు పోగులు విడిగా లాగి సూదిలో ఎక్కించాలి. ఒకే పోగును మడిచి రెండుగా చేస్తే ఒకదాని ఎరుపు పక్కన ఇంకోదాని పసుపు పడి వరుస చెదురుతుంది.

క్రాస్ కుట్టులో ఒక్కో కుట్టును పూర్తిచేసి ముందుకు సాగాలి. వరుసంతా సగం కుట్టి తిరిగొస్తే కింద ఒక రంగు, పైన ఒక రంగు పడుతుంది. ధార్వాడ కసూతిలో గవంతి కుట్టు పోతూ సగం గీత, వస్తూ సగం గీత నింపుతుంది. అందులో పొట్టి వరుసల దారం వాడితే గీత చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. గవంతికి పొడుగు వరుసలు, దగ్గరి ఛాయలు వాడాలి. క్రాస్ కుట్టులాంటి మెంతి కుట్టుకు పొట్టి వరుసలు బాగుంటాయి.

గుర్తుల పుస్తకం

చేతితో అద్దిన రంగు రెండోసారి అచ్చం అలాగే రాదు. కాబట్టి బొమ్మకు ఎంత దారం కావాలో లెక్కవేసి, పావు వంతు ఎక్కువ ఒకేసారి అద్దుకోవాలి. ప్రతి విడతకూ తేదీ, దారం బరువు, రంగుల పేర్లు, గ్రాములు, ఎన్ని గంటలు ఉంచారు, ఎన్నిసార్లు కడిగారు అన్నది రాసి, పక్కన చిన్న ముక్క అతికించాలి. రెండేళ్ళలో ఆ పుస్తకం ఏ కంపెనీ షేడు కార్డుకన్నా విలువైనది అవుతుంది.

జాగ్రత్తలు

రియాక్టివ్ పొడి ఊపిరిలోకి పోతే కొందరికి ఆయాసం, అలర్జీ మొదలవుతాయి. ఒకసారి మొదలైతే తర్వాత కొంచెం పొడికి కూడా తిరగబెడుతుంది. ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, తడి కాగితం పరిచి పొడి తూచాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళు పొడిని ముట్టుకోకూడదు. కలిపిన నీళ్ళకు ఆ భయం లేదు, అయినా తొడుగులు వేసుకోవాలి. సోడా నీళ్ళు కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడగాలి. రంగుకు వాడిన గిన్నె, చెంచా మళ్ళీ వంటకు వాడకూడదు. మూత మీద గుర్తు పెట్టి వేరే చోట ఉంచాలి. వాడిన నీళ్ళను ఎక్కువ నీళ్ళు కలిపి మురుగు కాలువలో పోయాలి. బావి గట్టున, తులసి కోట దగ్గర, చెరువులో పోయకూడదు.

పట్టు దారానికి సోడా పద్ధతి ఇలాగే వాడకూడదు. క్షారంలో రాత్రంతా ఉంటే పట్టు మెరుపు పోతుంది, గరుకవుతుంది. దానికి యాసిడ్ రంగులు, వెనిగర్, సన్నని వేడి కావాలి. కరక్కాయ లేకుండా ఒట్టి పటికతో కూడా పట్టు మంజిష్ఠ రంగును బాగా తీసుకుంటుంది. పట్టుకు అన్నభేది వద్దు.

దుకాణంలో ఏమని అడగాలి

ఇంట్లో తెలుగు పేరు తెలిసినా దుకాణంలో ఊరి భాష పేరు చెప్పాలి. మన రాష్ట్రాల్లో వాడే మాటలు ఇవి:

- కర్ణాటకలో: కరక్కాయను అళలెకాయి అంటారు. మంజిష్ఠ, అన్నభేది, పటిక పేర్లు అవే. దానిమ్మ తొక్క దాళింబె సిప్పె. గ్రంథిగె అంగడిలో దొరుకుతాయి.
- తమిళనాడులో: కరక్కాయ కడుక్కాయ్, పటిక పడికారం, మంజిష్ఠ మంజిట్టి, దానిమ్మ తొక్క మాదుళై తోల్, అన్నభేది అన్నబేది. నాట్టు మరుందు కడైలో అడగాలి.
- ఒడిశాలో: కరక్కాయ హరిడా, పటిక ఫిటికిరి, మంజిష్ఠ మంజిష్ఠా, దానిమ్మ తొక్క డాళింబ చోపా. మూలికలు, పూజాసామగ్రి అమ్మే దుకాణాల్లో చూడాలి.
- మహారాష్ట్రలో: కరక్కాయ హిరడా, పటిక తురటి, అన్నభేది హిరాకస, దానిమ్మ తొక్క డాళింబాచీ సాల. మంజిష్ఠ పేరు అదే.
- యానాంలో తెలుగు పేర్లే చాలు.

కరక్కాయ, మంజిష్ఠ పొడులు కొనేటప్పుడు ఏమీ కలపని ఒట్టి పొడి కావాలని చెప్పాలి. ముఖానికి పూసే లేపనంగా అమ్మే మంజిష్ఠలో ఇతర పొడులు కలిసి ఉండవచ్చు. వేరు ముక్కలు కొని ఇంట్లో దంచుకుంటే సందేహం ఉండదు.

మొదటిసారి రెండు లచ్చీలు, రెండు రంగులు చాలు. ఒక రోజు దారం కడిగి రంగు వేయండి, మరునాడు ఓపికగా కడిగి ఆరేయండి, మూడో రోజు తెల్ల గుడ్డ పరీక్ష చేయండి. గుడ్డ తెల్లగా మిగిలితే ఆ దారాన్ని నమ్మి ఎంత పెద్ద పనికైనా వాడవచ్చు. పుస్తకంలో రాసేటప్పుడు చిలప, పోగు, చిటికి అన్న మాటలతోనే రాయండి. పక్కన కూర్చుని చూసే పిల్లలకు రంగులతో పాటు ఆ మాటలు కూడా పట్టుకుంటాయి.